ఇరవై మిల్లీసెకన్ల పోరు

2012 జూన్. లాస్ ఏంజెలెస్‌లో 'ఈ త్రీ' వీడియోగేమ్‌ల ప్రదర్శన జోరుగా సాగుతోంది. హాళ్లలో గోడలంత తెరలు, చెవులు చిల్లులు పడే మోత. ఆ గోలకు ఎడంగా ఓ గదిలో నలభై దాటిన ఒకాయన, వచ్చిన విలేకరులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ముఖానికి నల్లటి డబ్బా తొడుగుతున్నాడు.

డబ్బా చూడ్డానికి ఏమంత బాగోదు. అతుకులన్నీ డక్ట్ టేపుతో చుట్టేసి ఉన్నాయి. తలకు బిగించే పట్టీ మంచులో స్కీయింగ్ చేసేవాళ్ల కళ్లజోడుది. లోపల ఒక చిన్న తెర, దాని ముందు రెండు భూతద్దాలు, తల ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్. బయటికి వేలాడే వైర్లు. అంతకుమించి ఏమీ లేదు. తొడుక్కున్నవాళ్లకు మాత్రం తెర అన్నదే కనబడలేదు. 'డూమ్ 3' ఆటలోని చీకటి నడవాలో నిలబడ్డారు. తలెత్తితే పైకప్పు, వంచితే నేల, పక్కకి తిప్పితే గోడ. నోరెళ్లబెట్టి బయటికొచ్చారు.

తొడిగినాయన జాన్ కార్మాక్. 1993లో వచ్చిన 'డూమ్' ఆటకు ప్రాణం పోసిన ప్రోగ్రామర్. ఇంట్లో ఉండే మామూలు కంప్యూటర్‌ చేత ఎవరూ ఊహించనంత వేగంగా బొమ్మలు గీయించిన ఘనుడు. గేమింగ్ లోకంలో ఆయన మాటకు తిరుగులేదు. అంతటివాడు టేపు చుట్టిన డబ్బాను స్వయంగా మోసుకొచ్చాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. తమాషా ఏమిటంటే, దాన్ని చేసింది ఆయన కాదు. లాంగ్ బీచ్‌లో అమ్మానాన్నల ఇంటి ముందు నిలిపి ఉంచిన ట్రైలర్‌లో మకాం పెట్టిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు.

గాజు పని చిప్‌కు

ఆ కుర్రాడు పామర్ లకీ. చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది. పాడైన ఐఫోన్లు కొని, బాగుచేసి, అమ్మేవాడు. వచ్చిన డబ్బంతా పాత హెడ్‌సెట్లకే పోసేవాడు. వర్చువల్ రియాలిటీ మోజు 1990లలో ఒకసారి పుట్టి చల్లారిపోయింది. అప్పట్లో ఆసుపత్రులు, ప్రయోగశాలలు వేల డాలర్లు పెట్టి కొని మూలన పడేసిన సరుకు ఇతని చేతికి అగ్గువకే వచ్చేది. పదుల కొద్దీ పోగేశాడు. ఒక్కొక్కటే విప్పి చూశాడు. అన్నింటిదీ ఒకటే రోగం. తలకు బరువు. చూపుకు ఇరుకు, కిటికీ సందులోంచి తొంగిచూసినట్టు. పైగా తల తిప్పిన కాసేపటికి గానీ బొమ్మ తిరగదు.

నిజానికి ఇది ఇంకా పాత జబ్బు. 1968లో ఇవాన్ సదర్లాండ్ తలకు తగిలించే మొట్టమొదటి కంప్యూటర్ తెరను లోకానికి చూపించాడు. దాని బరువు తల మోయలేక పైకప్పు నుంచి వేలాడదీశారు. నలభై ఏళ్లు గడిచినా మౌలికంగా మారింది తక్కువ. బొమ్మ అంచుల్లో వంగకుండా ఉండాలంటే ఒకదాని వెనక ఒకటిగా నాణ్యమైన కటకాలు పేర్చాలి. అందువల్లే అంత బరువు, అంత ధర.

లకీ వేరే దారి పట్టాడు. ఒక్కో కంటికి ఒకే ఒక చవక భూతద్దం పెట్టాడు. అంచులు వంగిపోతాయా? పోనీ. సరిగ్గా దానికి ఎదురు దిక్కుకు వంచిన బొమ్మనే గీయమని కంప్యూటర్‌కు చెబితే, అద్దం వంచేసరికి అది తిన్నగా కనిపిస్తుంది. గాజు చేయాల్సిన పనిని తీసుకెళ్లి చిప్ నెత్తిన పెట్టాడన్నమాట. ఈ ఆలోచన అతనొక్కడి సొత్తు కాదని ఇక్కడ చెప్పుకోవాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్క్ బోలాస్ బృందం అదే బాటలో నడుస్తోంది. లకీ కొంతకాలం అక్కడ పనిచేశాడు కూడా. కాకపోతే సెల్‌ఫోన్ల పుణ్యమా అని చిన్న తెరలు, సెన్సర్లు కారుచవకగా దొరికే రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఆలోచన ఒక మొండివాడి చేతికి చిక్కింది.

నమూనా ఒకటి పంపమని కార్మాక్ అడిగాడు. లకీ దగ్గర కాగితమూ కలమూ, ఒప్పందమూ గిప్పందమూ ఏమీ లేవు. ఎగిరి గంతేసి పంపేశాడు. కార్మాక్ దానికి తన ఆటను అమర్చాడు, ఈ త్రీకి పట్టుకొచ్చాడు. మిగతాది తెలిసిందే. వంద కిట్లు అమ్మితే పిజ్జా ఖర్చుకు ఓ పది డాలర్లు మిగులుతాయని మొదట్లో లెక్కేసుకున్న కుర్రాడు, 2012 ఆగస్టు 1న జనం చందాలు వేసుకునే కిక్‌స్టార్టర్ సైట్‌లో రెండున్నర లక్షల డాలర్లు అడిగాడు. నెల తిరిగేసరికి 9,522 మంది కలిసి 24 లక్షల 37 వేల డాలర్లు చేతిలో పెట్టారు. లకీ కంపెనీ ఆక్యులస్ వారి రిఫ్ట్ హెడ్‌సెట్ అలా పుట్టింది.

కడుపులో దేవింది

2013 మార్చిలో తొలి విడత కిట్లు కొన్నవాళ్ల ఇళ్లకు చేరాయి. మొదటి ఐదు నిమిషాలూ ఆనందం. పదో నిమిషానికి చెమటలు. ఆపైన వికారం. ఆక్యులస్ సీఈవో బ్రెండన్ ఇరీబేకి కూడా తన కంపెనీ సరుకు పడేది కాదు. తొడుక్కుంటే కళ్లు తిరిగేవి. మిఠాయి కొట్టు యజమానికే తీపి పడకపోతే వ్యాపారం ఏం సాగుతుంది?

తప్పు తెరది కాదు, కాలానిది. మనం తల తిప్పగానే ఆ కదలిక లోపలి చెవికి తెలిసిపోతుంది. కన్ను కూడా ఆ క్షణమే అదే కబురు చెప్పాలి. హెడ్‌సెట్‌లో జరిగేదేమిటి? సెన్సర్ కదలికను కనిపెట్టాలి. ఆ కబురు తీగ వెంట కంప్యూటర్‌కు చేరాలి. ఆట ఆ కోణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గ్రాఫిక్స్ చిప్ బొమ్మ గీయాలి. తెర దాన్ని పై వరుస నుంచి కింది వరుస దాకా వెలిగించాలి. ప్రతి మజిలీలోనూ కొంత ఆలస్యం. చెవి ఒకటి, కన్ను ఒకటి చెబుతుంటే మెదడు తికమకపడి కడుపు మీద కసి తీర్చుకుంటుంది.

కార్మాక్ దీని మీద అప్పటికే పగబట్టాడు. వేగంగా తీసే కెమెరా పెట్టి తెరల ఆలస్యాన్ని కొలిచాడు. అమెరికా నుంచి యూరప్‌కు ఇంటర్నెట్‌లో ఒక సందేశపు ముక్క చేరేంతలో, ఎదురుగా ఉన్న తెర మీదికి ఒక్క చుక్క చేరడం లేదని తేలింది. ఆ మాట ట్విట్టర్‌లో బూతు జోడించి మరీ రాశాడు. 2013 ఫిబ్రవరిలో ఒక సుదీర్ఘ వ్యాసం రాసి గీత గీశాడు: తల కదలడానికి, కంటికి కొత్త కాంతి చేరడానికి మధ్య 20 మిల్లీసెకన్లు మించకూడదు. సెకనుకు 60 బొమ్మలు చూపే తెరకు ఒక్క బొమ్మకే 16.7 మిల్లీసెకన్లు ఖర్చు. మిగిలిన 3.3 మిల్లీసెకన్లలో మిగతా సంసారమంతా నడవాలి.

అందుకు ఆయన చెప్పిన ఉపాయాల్లో ఒకటి ఇవాళ్టికీ దాదాపు ప్రతి హెడ్‌సెట్‌లో ఉంది. పేరు టైమ్‌వార్ప్. బొమ్మ గీయడం పూర్తయ్యాక, తెరకు పంపబోయే ముందు, తల ఎక్కడుందో మరోసారి చూస్తారు. ఈలోగా తల రెండు డిగ్రీలు జరిగితే, గీసిన బొమ్మను కూడా రెండు డిగ్రీలు జరిపి పంపుతారు. కొత్త బొమ్మ గీయడానికి వ్యవధి లేకపోయినా పాతదాన్ని జరపడానికి ఉంటుంది. కన్నుకు తేడా తెలియదు.

ఆలస్యం తగ్గినా మసక పోలేదు. పక్కనుంచి ఎవరో పిలిస్తే తిరిగి చూస్తాం కదా, అలా సెకనుకు 60 డిగ్రీల చొప్పున తల తిప్పారనుకోండి. ఒక్కో బొమ్మ వెలిగే 16.7 మిల్లీసెకన్లలో తల ఒక డిగ్రీ జరుగుతుంది. తొలి రిఫ్ట్‌లో డిగ్రీకి ఏడు చుక్కలు. కాబట్టి ప్రతి చుక్కా ఏడు చుక్కల పొడవున గీతలా సాగుతుంది.

దీనికి మందు మరోచోట దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూలో వాల్వ్ కంపెనీ ఆఫీసు. అక్కడ మైకేల్ అబ్రాష్ బృందం ఒక గది గోడలన్నిటికీ నలుపు తెలుపు గళ్ల కాగితాలు అతికించింది. హెడ్‌సెట్‌కు బిగించిన కెమెరా ఆ గళ్లను చదివి తల గదిలో ఎక్కడుందో చెబుతుంది. తెర సెకనుకు 95 బొమ్మలు చూపుతుంది. అసలు కిటుకు మరొకటి. బొమ్మ మూడు మిల్లీసెకన్లే వెలిగి ఆరిపోతుంది, తర్వాతి బొమ్మ వచ్చేదాకా చీకటే. చుక్క సాగడానికి వ్యవధే లేదు. ఇరీబే ఆ గదికి వెళ్లి తొడుక్కున్నాడు. తల తిప్పాడు, వంగాడు, లేచాడు. కడుపులో తిప్పుతుందేమోనని చూశాడు. తిప్పలేదు. ఇది అమ్ముడుపోయే సరుకేనని ఆయనకు నమ్మకం కుదిరింది ఆ గదిలోనే.

2014 మార్చి 25న ఫేస్‌బుక్ ఆక్యులస్‌ను 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కిక్‌స్టార్టర్‌లో డబ్బు పెట్టినవాళ్లు భగ్గుమన్నారు. వాళ్లకు దక్కింది కిట్టే గానీ వాటా కాదు మరి. అబ్రాష్ కూడా ఆ నెలలోనే ఆక్యులస్‌లో చేరాడు. కార్మాక్ అంతకుముందే వచ్చేశాడు. ఆయన పాత కంపెనీ యజమాని జెనిమాక్స్ ఊరుకుంటుందా? వ్యాపార రహస్యాలు కాజేశారని కోర్టుకెక్కింది. 2017 ఫిబ్రవరిలో డాలస్ జ్యూరీ 50 కోట్ల డాలర్లు కట్టమంది. వ్యాపార రహస్యాల దొంగతనం మాత్రం జరగలేదని అదే జ్యూరీ తేల్చింది. ఆ సొమ్ము తర్వాత సగానికి తగ్గింది, చివరికి రాజీ కుదిరింది. లకీ మాత్రం ఆ ఏడాది మార్చిలో ఫేస్‌బుక్ గడప దాటాడు. ట్రంప్‌ అనుకూల బృందానికి విరాళం ఇచ్చిన వివాదం అప్పటికే రాజుకుంది. తనను తీసేశారని అతను అంటాడు. రాజకీయాలు కారణం కాదని ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ అంటాడు.

నుదుటి మీద పొయ్యి

2016లో మార్కెట్‌కొచ్చిన రిఫ్ట్ ధర 599 డాలర్లు. దాన్ని నడపాలంటే జీటీఎక్స్ 970 స్థాయి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. ఆ కార్డు ఒక్కటే తాగే కరెంటు 145 వాట్లు. కంప్యూటర్‌కు, తలకు మధ్య తీగ. తాడు కట్టిన మేకలా మనిషి ఆ చుట్టూనే తిరగాలి.

తీగ తెంచాలంటే కంప్యూటర్‌నే ముఖం మీద పెట్టాలి. అక్కడే అసలు చిక్కు. 145 వాట్ల పనిని కొద్ది వాట్లలో ముగించాలి. ఎక్కువైతే బ్యాటరీ అరగంటలో అయిపోతుంది, నుదురు కాలుతుంది. కార్మాక్ శాంసంగ్ ఫోన్‌ను హెడ్‌సెట్‌లో ఇరికించే గేర్ వీఆర్ మీద ఏళ్లపాటు తల బద్దలు కొట్టుకున్నాడు. కాసేపు ఆడేసరికి ఫోన్ వేడెక్కి ఇక చాలించమనేది. నా దృష్టిలో వర్చువల్ రియాలిటీ అసలు కథ ఇక్కడే మొదలైంది. అంతకుముందు మిల్లీసెకనును గెలిచారు, ఇకపై వాట్‌ను గెలవాలి.

2019 మే నెలలో ఆక్యులస్ నుంచి వచ్చిన క్వెస్ట్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 835 చిప్ వాడారు. రెండేళ్ల కిందటి ఫోన్ల చిప్ అది. ధర 399 డాలర్లు. తీగ లేదు. వాల్వ్ గదిలో గోడలకు అంటించిన గళ్ల కాగితాలూ లేవు. హెడ్‌సెట్ నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. గదిలోని కుర్చీ అంచు, కిటికీ మూల, గోడ మీది పటం, ఇవే గుర్తులు. వాటిని చూస్తూ తల ఎక్కడుందో చిప్పే లెక్కగడుతుంది. అదే చిప్ ఆట నడపాలి, అదే బొమ్మ గీయాలి.

అదే ఏడాది డిసెంబరులో క్వాల్‌కామ్ హెడ్‌సెట్ల కోసమే మలిచిన ఎక్స్‌ఆర్2 చిప్‌ను ప్రకటించింది. ఏడు కెమెరాలను ఒకేసారి చూసుకోగలదు. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ పెద్ద ఆఫీసే ఉంది. తెలుగునాట ఇంజినీరింగ్ చదివి చిప్ డిజైన్‌లోకి వెళ్లినవాళ్లకు ఈ మిల్లీవాట్ల లెక్కలు రోజూ చూసే భాగోతమే. 2020 అక్టోబరులో ఎక్స్‌ఆర్2తో వచ్చిన క్వెస్ట్ 2 ధర 299 డాలర్లు. జనం ఎగబడ్డారు. 2023 ఆరంభం నాటికి క్వెస్ట్‌లన్నీ కలిపి దాదాపు రెండు కోట్లు అమ్ముడయ్యాయని మెటాగా పేరు మార్చుకున్న ఫేస్‌బుక్ అంతర్గత సమావేశం నుంచి పొక్కింది. కొత్తగా కొన్నవాళ్లు కొన్నాళ్లకే వాడకం తగ్గించేస్తున్నారన్న సంగతి కూడా అక్కడినుంచే పొక్కింది.

2022 డిసెంబరులో కార్మాక్ రాజీనామా చేశాడు. వెళ్తూ వెళ్తూ రాసిన లేఖలో క్వెస్ట్ 2ను మెచ్చుకున్నాడు, కంపెనీని కడిగేశాడు. ఎక్కడైనా ఓ గ్రాఫిక్స్ చిప్ ఐదు శాతం సామర్థ్యంతో పనిచేస్తుంటే తనకు ఒళ్లు మండుతుందనీ, ఇంతమంది మనుషులు, ఇంత డబ్బు ఉండి కంపెనీ అలాగే నడుస్తోందనీ ఆయన బాధ. మెటాలో ఈ హెడ్‌సెట్ల విభాగం నష్టం ఒక్క 2024లోనే 1,773 కోట్ల డాలర్లు.

రెండు చిప్‌లు, ఒక బ్యాటరీ

2023 జూన్ 5న ఆపిల్ రంగంలోకి దిగింది. విజన్ ప్రోలో రెండు చిప్‌లు పెట్టింది. లెక్కలకు, బొమ్మలకు ఎం2. పన్నెండు కెమెరాలు, అయిదు సెన్సర్లు, ఆరు మైకుల నుంచి వచ్చిపడే సమాచారం చూసుకోవడానికి ప్రత్యేకంగా ఆర్1. కెమెరా చూసింది కంటి ముందున్న తెరకు చేరడానికి 12 మిల్లీసెకన్లు. పదేళ్ల కిందట కార్మాక్ గీసిన గీతకు బాగా ఇవతలే. పక్కింటి గొడవ ఎలా ఉన్నా వంటింటి పొయ్యి ఆరకూడదన్నట్టు, ఎం2 ఎంత తీరిక లేకుండా ఉన్నా ఆర్1 పని ఆగదు.

చిప్ పరంగా ఇది అద్భుతం, అందులో సందేహం లేదు. మనిషి పరంగా చూస్తే మాత్రం మెడ మీద ఆరేడు వందల గ్రాములు, జేబులో విడిగా ఓ బ్యాటరీ, దానికో తీగ, జేబుకు 3,499 డాలర్ల చిల్లు. తీగ తెంచడానికి పదేళ్లు చెమటోడ్చిన రంగంలోకి ఆపిల్ మళ్లీ తీగ పట్టుకొచ్చింది. 2025 అక్టోబరులో ఎం5 చిప్‌తో మారుమోడల్ వచ్చింది. బ్యాటరీ ఇంకా జేబులోనే ఉంది. అదే నెలలో శాంసంగ్ 1,799 డాలర్లకు తెచ్చిన గెలాక్సీ ఎక్స్‌ఆర్‌లోనూ బ్యాటరీ విడిగానే ఉంటుంది.

ఇక ముందేమిటి? చిప్‌ను ఇంకా చిన్నది చేస్తే సరిపోతుందనే రోజులు పోయాయి. 835 తయారైంది పది నానోమీటర్ల పద్ధతిలో, ఎక్స్‌ఆర్2 ఏడులో, 2023 నాటి క్వెస్ట్ 3లోని రెండో తరం ఎక్స్‌ఆర్2 నాలుగులో. ప్రతి మెట్టుకూ వాట్లు కొంత ఆదా అయ్యాయి. ఆ ఆదానంతా కొత్త కెమెరాలు, పదునైన తెరలు మింగేశాయి. కాబట్టి తక్కువ గీయడమే దారి. మన కన్ను నట్టనడుమ కాస్తంత మేరే స్పష్టంగా చూస్తుంది, పక్కలంతా మసకే. కనుపాప ఎటు తిరిగిందో కనిపెట్టి, అక్కడ మాత్రం నిండుగా గీసి, మిగతాచోట ముతకగా కానిస్తే పని బోలెడంత తగ్గుతుంది. విజన్ ప్రో ఈ పద్ధతే వాడుతుంది. వాల్వ్ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ ఇంకో అడుగు వేసింది. కంప్యూటర్ నుంచి గాలిలో వచ్చే వీడియోలో సైతం, కన్ను చూస్తున్న చోటుకే మేలైన నాణ్యత పంపుతుంది.

లేదంటే బరువును ముఖం మీంచి దించెయ్యాలి. 2024 సెప్టెంబరులో మెటా చూపిన ఒరాయన్ కళ్లజోడు వంద గ్రాముల లోపే. ఎక్కువ లెక్కలు చేసే చిప్ జేబులో పట్టే వేరే డబ్బాలో ఉంటుంది, రెంటికీ మధ్య తీగ లేదు. ఇంకా అమ్మకానికి రాలేదు. అమ్మకానికొచ్చింది 2025 సెప్టెంబరులో 799 డాలర్ల రేబాన్ డిస్‌ప్లే. ఒక కంటికే చిన్న తెర. సందేశాలు, దారి చూపే బాణాలు కనిపిస్తాయి. 'డూమ్' నడవాలో నిలబెట్టే సత్తా దానికి లేదు. అయినా జనం ముఖాన పెట్టుకుని వీధిలోకి వెళ్లడానికి సిద్ధపడుతున్నది దీంతోనే. తల మొత్తం కప్పే డబ్బా ఆటలకు, శిక్షణకు, ఆపరేషన్ సాధన చేసే వైద్య విద్యార్థులకు మిగులుతుంది. రోజంతా తొడిగే వస్తువు మాత్రం అది కాబోదని నా లెక్క.

లకీ ఖాళీగా కూర్చోలేదు. ఫేస్‌బుక్ వదిలిన ఏడాదే ఆండ్యురిల్ అనే ఆయుధాల కంపెనీ పెట్టాడు. అమెరికా సైనికుల హెడ్‌సెట్ కాంట్రాక్టు 2025లో మైక్రోసాఫ్ట్ నుంచి అతని చేతికొచ్చింది. ఆ మే నెలలో అతనూ జుకర్‌బర్గూ కలిసి పనిచేస్తామని ప్రకటించారు, పక్కపక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. సైనికుడికి ధర పట్టింపు లేదు, బరువు పట్టింపు ఉంది. రణరంగంలో వికారం పుడితే ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడ గెలిచిన చిప్ తర్వాత మన మార్కెట్‌కు దిగిరావచ్చు.

ఈలోగా మీ ఊళ్లో ఏ షాపులోనో హెడ్‌సెట్ తొడిగి చూసే అవకాశం వస్తే, పెట్టె మీద ఎన్ని కోట్ల చుక్కలని రాశారో పట్టించుకోకండి. తొడుక్కుని తల గబగబా అటూ ఇటూ తిప్పండి. ఎదురుగా ఉన్న గోడ మీది అక్షరాలు మసకబారకుండా, ఉన్నచోటే ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత షాపువాడు విసుక్కున్నా సరే, అరగంట తీయకండి. నుదురు చెమట పట్టినా, కడుపులో తిప్పినా, డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చే మోడల్ దాకా ఆగండి.